గెలిచే ఎత్తులోనే పాఠం ఉండాలి: ఆరో తరగతి భిన్నాలపై ఒక కేస్ స్టడీ

ఆరో తరగతి, 36 మంది పిల్లలు, భిన్నాల పోలిక. రెండు భిన్నాల్లో ఏది పెద్దది, ఎందుకు? ఈ కేసు అంతవరకే. ఈ ఒక్క పాఠాన్ని నేను మూడుసార్లు ఆటగా తయారు చేశాను. మొదటి ఆట పిల్లలకు విపరీతంగా నచ్చింది, కానీ దాంతో వాళ్లు నేర్చుకున్నది దాదాపు ఏమీ లేదు. రెండోది సగం పనిచేసింది. మూడోదాన్ని ఇప్పటికీ వాడుతున్నాను. మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఏం మారిందో, ఎందుకు మార్చాల్సి వచ్చిందో వివరంగా రాస్తున్నాను. కృత్యాలతో పాఠం చెప్పాలని మనసారా అనుకుని, సామాను సిద్ధం చేసుకుని, తరగతంతా సందడిగా సాగినా చివరికి స్లిప్ టెస్టులో ఏమీ కనపడక నీరసపడిన టీచర్లు చాలామంది ఉంటారు. ఇది ముఖ్యంగా వాళ్ల కోసం.

ముందు పరిస్థితి

పాఠం మొదలుపెట్టే ముందు చిన్న చీటీల మీద ఒకే ప్రశ్న ఇచ్చాను: 5/6, 7/8 లలో ఏది పెద్దది? ఎందుకు?

చాలామంది "రెండూ సమానం" అని రాశారు. కారణం: "రెండింటిలోనూ పైదానికీ కిందదానికీ ఒకటే తేడా." కొందరు 5/6 పెద్దదన్నారు, "కింద చిన్న అంకె ఉంటే పెద్ద భిన్నం" అని. పదిమందికి పైగా 7/8 అని సరిగ్గానే రాశారు. మామూలుగా అయితే టిక్కు పెట్టి పక్కన పడేసేదాన్ని. కారణం కూడా అడిగాను కాబట్టి బయటపడింది, వాళ్లలో ఎక్కువమంది రాసింది "7, 8 పెద్ద అంకెలు" అని. జవాబు ఒప్పే, దానికి తీసుకెళ్లిన దారి తప్పు. సరైన కారణం రాసినవాళ్లు ఏడుగురు. ఆ ఏడుగురిలో ఐదుగురు క.సా.గు. (హారాల కనిష్ఠ సామాన్య గుణిజం) కట్టి 20/24, 21/24 అని తేల్చారు. ఆ రెండు భిన్నాలూ ఎంత పరిమాణంలో ఉంటాయో ఊహించి చెప్పినవాళ్లు ఇద్దరే.

ఇది నా ఒక్క తరగతి సమస్య కాదు. అమెరికాలో 1978లో జాతీయ స్థాయి మూల్యాంకనంలో 13 ఏళ్ల పిల్లలను 12/13 + 7/8 విలువ సుమారుగా ఎంత ఉంటుందని అడిగారు. ఎంచుకోవడానికి ఇచ్చినవి 1, 2, 19, 21. రెండు భిన్నాలూ ఒకటికి కాస్త తక్కువ, కాబట్టి జవాబు 2. దాన్ని ఎంచుకున్నవాళ్లు 24 శాతమే. 19 అన్నవాళ్లు, 21 అన్నవాళ్లు విడివిడిగా చూసినా అంతకంటే ఎక్కువమంది. లవాలు కూడితే 19, హారాలు కూడితే 21. అంటే ఆ పిల్లల కళ్లకు భిన్నం ఒక సంఖ్యగా కనపడలేదు. ఒక గీతకు పైనొకటి, కిందొకటి ఉన్న రెండు సంఖ్యలుగా కనపడింది.

కాబట్టి నా లక్ష్యం ఇలా స్థిరపడింది: భిన్నం ఒక్క సంఖ్య, దానికి సంఖ్యారేఖ మీద ఒక్క చోటు ఉంటుంది అన్నది పిల్లల ఒంటికి తెలియాలి. లెక్క కట్టడం ఆ తర్వాత.

మొదటి ఆట: పరుగు

తరగతిని రెండు జట్లు చేశాను. నేల మీద రంగురంగుల కార్డులు పరిచాను. నేను బోర్డు మీద 2/3 రాస్తే, జట్టుకొకరు పరుగెత్తి దానికి సమానమైన కార్డు, అంటే 4/6 గానీ 8/12 గానీ, పట్టుకొచ్చేయాలి. ముందు తెచ్చినవాళ్లకు రెండు పాయింట్లు. గెలిచిన జట్టులో అందరి పేర్ల పక్కనా చార్టు మీద నక్షత్రాలు. పిల్లలు అరిచారు, గెంతారు. బెల్లు కొట్టినా కదల్లేదు. మర్నాడు నేను గదిలో అడుగు పెట్టకముందే "టీచర్, ఈరోజు కూడా ఆటేనా?" అన్నారు. పాఠం అద్భుతంగా సాగిందనుకున్నాను.

వారం తర్వాత ఇచ్చిన చీటీల్లో పెద్ద మార్పేమీ లేదు. ఎందుకో తెలుసుకోవాలని ఆ ఆటలో ప్రతిసారీ గెలిచే అబ్బాయిని పక్కకు పిలిచి, "అంత తొందరగా ఎలా కనిపెడుతున్నావు నాన్నా?" అని అడిగాను. వాడు ఏమీ దాచుకోకుండా చెప్పాడు: "4/6 కార్డుకి మూల మడత పడింది టీచర్. 6/8 దాని మీద స్కెచ్ పెన్ మరక ఉంది. మీరు బోర్డు మీద 3/4 రాయగానే మరక కార్డు ఎక్కడుందో చూస్తాను."

వాడిది తప్పు కాదు. ఆటలో గెలవాలన్నాను, గెలవడానికి అన్నిటికంటే దగ్గరి దారిని వాడు తెలివిగా పట్టుకున్నాడు. ఆ దారిలో భిన్నం లేదు. మిగతావాళ్ల సంగతీ అంతే. వేగంగా పరుగెత్తగలవాళ్లు వెళ్లారు, మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. నలభై నిమిషాల పీరియడ్‌లో ఒక్కో పిల్లకు భిన్నం గురించి ఆలోచించే పని నిమిషం కూడా పడలేదు. ఆట ఒక దారిన, పాఠం ఇంకో దారిన నడిచాయి.

అప్పటి నుంచి నా పాఠ్య ప్రణాళికలో పైన ఒక ప్రశ్న రాసుకుంటున్నాను: ఈ ఆటలో గెలవాలంటే పిల్లలు దేని గురించి ఆలోచించాలి? ఆ జవాబూ నేను నేర్పాలనుకున్నదీ ఒకటి కాకపోతే, ఆట ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తాను.

దీని గురించి చదువుతున్నప్పుడు ఒక పరిశోధన నా ఆలోచనను సూటిగా తాకింది. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ చిన్నపిల్లలతో సంఖ్యల పలక ఆటలు ఆడించి చూశారు. 1 నుంచి 10 వరకూ గళ్లు వరసగా ఉన్న పలక మీద కొద్ది రోజుల పాటు ఆడిన పిల్లలకు సంఖ్యల పరిమాణం మీద పట్టు పెరిగిందని 2008లో ప్రచురించారు. 2014లో ఎలిడా లాస్కి, సీగ్లర్ కలిసి ఇంకో మెట్టు పైకి వెళ్లారు. 100 గళ్ల పలక, పిల్లలందరికీ అదే ఆట. ఒక్కటే తేడా. కాయ 25లో ఉండి రెండు గళ్లు కదిలితే, ఒక గుంపు పిల్లలు "26, 27" అంటూ కదపాలి, ఇంకో గుంపు "1, 2" అంటూ కదపాలి. గళ్లలోని సంఖ్యలు పలుకుతూ ఆడినవాళ్లు బాగా నేర్చుకున్నారు. ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ ఆడినవాళ్లలో ఆ ఎదుగుదల రాలేదు. పలక మారలేదు, కాయలు మారలేదు, ఉత్సాహమూ మారలేదు. ఆడేటప్పుడు పిల్లల మనసు దేని మీద నిలిచిందన్నదే తేడా తెచ్చింది. మడత పడిన కార్డు గురించి ఆ అబ్బాయి నాకు చెప్పింది సరిగ్గా ఇదే.

నక్షత్రాల చార్టు కూడా అప్పుడే తీసేశాను. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన ప్రయోగం బోధనలో ఉన్నవాళ్లలో చాలామంది వినే ఉంటారు. బొమ్మలు వేయడం తమంతట తామే ఇష్టపడే చిన్నపిల్లలను తీసుకుని, కొందరికి "బొమ్మ వేస్తే ప్రశంసా పత్రం ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. తర్వాత కొన్నాళ్లకు వాళ్ల మానాన వాళ్లను వదిలి చూస్తే, ముందే మాట పుచ్చుకున్న పిల్లలు బొమ్మలు వేస్తూ గడిపిన సమయం మిగతా గుంపులతో పోలిస్తే దాదాపు సగమే. బహుమతులన్నీ చెడ్డవని నేననను. కానీ నక్షత్రాలు పెట్టిన వారంలో నా పిల్లలు నన్ను అడిగిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం "మాకెన్ని వచ్చాయి టీచర్?" అన్నవే. భిన్నం గురించి అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

రెండో ఆట: తాడు

గదికి అడ్డంగా తాడు కట్టాను. ఒక కొసన 0, రెండో కొసన 1. పిల్లలు భిన్నం కార్డును క్లిప్పుతో సరైన చోట తగిలించాలి. తర్వాత టేపుతో కొలుస్తాం. ఎన్ని సెంటీమీటర్ల తేడా వస్తే అన్ని తప్పు పాయింట్లు.

తాడు పొడవు 360 సెం.మీ. ఈ సంఖ్య కోసం ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. 2, 3, 4, 5, 6, 8, 9, 10, 12 అన్నిటితోనూ నిశ్శేషంగా పోతుంది. 1/2 అంటే 180, 2/3 అంటే 240, 3/4 అంటే 270, 5/8 అంటే 225. కొలత దగ్గర దశాంశాలు అడ్డుపడవు, పిల్లల ధ్యాస చోటు మీదే ఉంటుంది. పది వరకూ ఉన్న అంకెల్లో 7 ఒక్కటే పోదు. అందుకే హారంలో 7 ఉన్న కార్డు కట్టలో పెట్టలేదు.

కార్డుల ఎంపిక మీద ఇంకా ఎక్కువ సమయం పెట్టాను. నా ఉద్దేశంలో ఆట తయారీలో అసలు పని ఇక్కడే ఉంది. తాడు ఎవరైనా కడతారు. పిల్లల మనసులో ఉన్న ప్రతి తప్పు సూత్రమూ ఎక్కడో ఒకచోట దెబ్బ తినేలా కార్డులు ఎంచుకోవాలి. "పెద్ద అంకెలుంటే పెద్ద భిన్నం" అనుకునేవాళ్లకు 3/4, 5/8 జంట. వాళ్ల సూత్రం 5/8 వైపు తోస్తుంది, టేపు 225 దగ్గర ఆగుతుంది. "కింద చిన్న అంకె ఉంటే పెద్దది" అనేవాళ్లకు 1/2, 4/5. ఒకటి 180 దగ్గర, ఇంకొకటి 288 దగ్గర. "తేడా ఒకటే కాబట్టి సమానం" అనేవాళ్లకు 5/6, 7/8. ఇక 2/3, 8/12 రెండూ ఉండాల్సిందే. రెండో కార్డు పట్టుకున్న పిల్ల తాడు దాకా వెళ్లి, "టీచర్, అక్కడ ఇప్పటికే ఒక కార్డు ఉంది కదా" అని ఆగిపోయే క్షణం కోసం ఆ జంట. సమాన భిన్నాలంటే ఏమిటో ఆ క్షణంలో నేను చెప్పాల్సిన పని ఉండదు.

ఈ ఆట బాగా మొదలైంది, తర్వాత మూడుచోట్ల చిక్కింది.

మొదటి చిక్కు తాడుదే. కార్డులు పెరిగేకొద్దీ నడుమ కిందికి వేలాడింది, క్లిప్పులు మెల్లగా మధ్యకు జారాయి. సరిగ్గా తగిలించిన పిల్ల కార్డు కూడా కొలిచేసరికి పక్కకు వచ్చేసింది, ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాడే తాడు తీసేసి గోడ మీద పిల్లల భుజాల ఎత్తులో కాగితం పట్టీ అతికించాను.

రెండోది ఎదురుచూపు. ఒక జట్టు వంతుకు రెండు మూడు నిమిషాలు పట్టేది. 36 మందిలో ఒక్కో పిల్ల చేతికి కార్డు వచ్చేది పీరియడ్‌కు ఒక్కసారి, కొందరికి అదీ లేదు. చూస్తూ కూర్చున్నవాళ్లు కాసేపు ఆసక్తిగా చూశారు, తర్వాత వాళ్ల కబుర్లు వాళ్లవి.

మూడో చిక్కు నాలుగో రోజున కనపడింది. ఒక అమ్మాయి 3/4 కార్డు చూస్తూనే గోడ దగ్గరికి నడిచి, ఏమాత్రం ఆలోచించకుండా కచ్చితమైన చోట పెట్టింది. ఎలా తెలిసిందంటే, "3/4 అంటే 270 టీచర్, కిటికీ చువ్వకు ఎదురుగా" అంది. మళ్లీ అదే. కార్డు మడత పోయి కిటికీ చువ్వ వచ్చింది. పట్టీ ఎప్పుడూ అదే గోడ మీద, అదే పొడవున ఉంటే పిల్లలు భిన్నాన్ని కాదు, గోడను నేర్చుకుంటారు.

మూడో ఆట: బల్ల మీద, నోటితో

మూడోసారి తరగతిని నలుగురేసి చొప్పున తొమ్మిది గుంపులు చేశాను. ప్రతి గుంపుకూ 24 సెం.మీ. కాగితం పట్టీలు, 12 కార్డులు. ఒకరు కార్డు చదువుతారు. ఒకరు పట్టీ మీద పెన్సిలుతో గుర్తు పెడతారు. ఒకరు కారణం చెబుతారు. ఒకరు కొలిచి చూస్తారు. కార్డు కార్డుకూ పనులు చేతులు మారతాయి. నోరు విప్పని పిల్లలకు కొలిచే పని మంచి ఆసరా అని ఇక్కడ తెలుసుకున్నాను. చేతిలో స్కేలుండి, అందరూ తన మాట కోసం ఎదురు చూస్తుంటే, అంతవరకూ పెదవి కదపని పిల్లాడు కూడా "రెండు గీతలు ఎక్కువైంది" అనక తప్పదు. రెండు వారాల తర్వాత అలాంటివాళ్లలో ఇద్దరు కారణం చెప్పే వంతు తామే అడిగి తీసుకున్నారు.

నియమాలు మూడే. గుర్తు పెట్టాకే స్కేలు ముట్టుకోవాలి. గుర్తు పెట్టేటప్పుడు అది పట్టీ మీద దేనికీ దేనికీ మధ్య వస్తుందో, ఎందుకో చెప్పాలి. కార్డును "మూడింట రెండు", "ఎనిమిదింట ఏడు" అనే చదవాలి.

ఈ మూడో నియమం చూడటానికి చాదస్తంలా ఉంటుంది, కానీ మొత్తం ఆటలో నేను చేసిన మార్పుల్లో దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. తరగతిలో మనం "సెవెన్ బై ఎయిట్" అనో "ఏడు బై ఎనిమిది" అనో అనేస్తాం. అలా అన్నప్పుడు ముందు 7 వినపడుతుంది, తర్వాత 8, మధ్యలో ఒక గీత. రెండు అంకెలు. "ఎనిమిదింట ఏడు" అన్నప్పుడు నాలుక ముందు మొత్తాన్ని ఎనిమిది ముక్కలు చేస్తుంది, ఆ తర్వాత ఏడింటిని తీసుకుంటుంది. మన భాషలో ఆ మాట కట్టుబడిలోనే భాగించే పని ఉంది. లాస్కి, సీగ్లర్‌ల ప్రయోగంలో "1, 2" బదులు "26, 27" అనిపించినట్టే నేను ఇది అనిపించాను. మొదటి రెండు రోజులూ పిల్లలు నవ్వారు, తడబడ్డారు, "ఏడింట ఎనిమిది" అని తిరగేశారు. మూడో రోజుకు ఒకరినొకరు సరిదిద్దుకోవడం మొదలైంది: "ఏడింట ఎనిమిది ఎలా తీస్తావు, ఉన్నవే ఏడు కదా?" ఆ మాట విన్న పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే ఇంకో పట్టీ కావాలి" అంది. హారం కంటే లవం పెద్దదిగా ఉండే అపక్రమ భిన్నం పాఠం ఇంకా నెల తర్వాత ఉంది, అది ఆరోజే ఆ బల్ల మీదికి వచ్చేసింది.

కొలిచి చూడటం కూడా లెక్కతో కాదు, చేతులతోనే. 2, 4, 8 హారాలకు పట్టీని సగానికి సగం మడిస్తే చాలు. 3, 5, 6 వచ్చేసరికి మడతలు కుదరవు, పిల్లలు కాగితాన్ని నలిపేస్తారు. దానికోసం ఒక చార్టు మీద 3 సెం.మీ. ఎడంతో సమాంతర గీతలు గీసి గోడకు పెట్టాను. ఐదు సమాన భాగాలు కావాలంటే పట్టీ ఒక కొసను మొదటి గీత మీద ఉంచి, రెండో కొస అక్కడి నుంచి ఐదో గీతను తాకేదాకా పట్టీని ఏటవాలుగా వాల్చాలి. మధ్యలో గీతలు పట్టీని దాటే ప్రతిచోటా గుర్తు పెడితే సరిగ్గా ఐదు సమాన భాగాలు. గీతల మధ్య ఎడం సమానం కాబట్టి పట్టీ ఎంత వాలినా ముక్కలు సమానంగానే వస్తాయి. పై తరగతుల్లో జ్యామితిలో చదవబోయే విషయమే, ఇక్కడ వాళ్ల చేతుల్లో పనిముట్టుగా ఉంది. ఆరు భాగాలకు పట్టీ ఇంకాస్త నిటారుగా లేస్తుంది. ఎనిమిదికి పూర్తిగా నిలువు, ఎందుకంటే మూడెనిమిదులు ఇరవై నాలుగు. తొమ్మిది భాగాలు చేయబోయిన గుంపు పట్టీ చాలక నిలిచిపోయి, "గీతలు దగ్గరగా గీయండి టీచర్" అని వచ్చింది. ఏం చేయాలో వాళ్లే కనిపెట్టారు.

పొడవు మాత్రం రోజూ మారుస్తాను. బల్ల మీద 24 సెం.మీ., గోడ మీద 360, వరండాలో సుద్దతో గీసిన 600 సెం.మీ. గీత. 270 కంఠతా పట్టిన అమ్మాయి వరండాలో 3/4 పట్టుకుని కాసేపు నిలబడిపోయింది. తర్వాత గీత నడిమి దాకా నడిచి, మిగిలిన సగంలో సగం అడుగులు లెక్కపెట్టుకుని కార్డు కింద పెట్టింది. ఆమె నడక నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

స్కోరు ఉంచాను, పోటీ తీసేశాను. ప్రతి గుంపూ తమ తేడాలన్నీ మిల్లీమీటర్లలో కూడుకుని రాసుకుంటుంది, మర్నాడు తమ సంఖ్యతోనే పోల్చుకుంటుంది. పక్క గుంపు సంఖ్య బోర్డు మీదికి రాదు. ఆట ఆటలాగే ఉండాలంటే గెలుపోటముల రుచి కొంత కావాలి, అది నేను ఒప్పుకుంటాను. నిన్నటికంటే తేడా తగ్గించాలన్న పంతంతో ఆ రుచి దక్కుతోంది.

పీరియడ్‌లో చివరి పన్నెండు నిమిషాలు కార్డులు లోపల పెట్టించేస్తాను. ఇది మొదట్లో నాకు చాలా కష్టంగా ఉండేది, పిల్లలు బతిమాలతారు. కానీ ఆట ఆపి, ఈరోజు ఏ కార్డు దగ్గర వాదన జరిగిందో చెప్పుకుని, నోటుపుస్తకంలో సంఖ్యారేఖ గీసి ఒక్క వాక్యమైనా రాయకపోతే, బల్ల మీద తట్టిన ఆలోచన బెల్లుతో పాటే వెళ్లిపోతుంది. ఈ వ్యవధిని ఎప్పుడు కుదించినా మర్నాడు దాని ఫలితం కనిపించింది.

ఒక వాదన

ఎనిమిదో రోజు ఒక గుంపులో 5/6 అప్పటికే పట్టీ మీద ఉంది. 7/8 వచ్చింది. గుర్తు పెట్టాల్సిన అబ్బాయి పెన్సిలు మొనను 5/6 మీదే ఆనించి, "రెండూ ఒక ముక్కే తక్కువ, ఇక్కడే" అన్నాడు. మొదటి చీటీల్లో సగం తరగతి రాసిన మాటే అది. కారణం చెప్పాల్సిన అమ్మాయి వెంటనే ఏమీ అనలేదు. పట్టీ కుడి కొస మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత మెల్లగా అంది: "ఒక ముక్కే తక్కువ. కానీ ఏ ముక్క? అది ఆరింట ఒకటి, ఇది ఎనిమిదింట ఒకటి. ఎనిమిది చేస్తే ముక్క చిన్నది. చిన్న ముక్క తక్కువైతే కొసకు దగ్గరగా ఉంటాం."

అబ్బాయి పెన్సిలు ఎత్తాడు. 5/6 గుర్తుకూ కొసకూ మధ్య ఉన్న ఖాళీని వేళ్లతో కొలిచాడు, అందులో ముప్పావు వంతు ఉంచి గుర్తు పెట్టాడు. కొలిస్తే కొసకు 3 సెం.మీ. దూరం. 24లో ఎనిమిదింట ఒకటి సరిగ్గా అంతే. నేను ఆ బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాను, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వాడు ముప్పావు ఎలా అనుకున్నాడో నాకు తెలియదు, వాడికీ చెప్పడం రాలేదు. 5/6 నుంచి కొసకు 4 సెం.మీ. ఉంది, 7/8 నుంచి 3. వాడి కంటికి ఆ లెక్క అందింది.

ఫలితం

మూడు వారాల తర్వాత వేరే అంకెలతో అదే తరహా చీటీ ఇచ్చాను: 3/4, 4/5, ఏది పెద్దది, ఎందుకు? సరైన కారణం రాసినవాళ్లు 26 మంది. వాళ్లలో ఎక్కువమంది "కొసకు మిగిలిన ముక్క" గురించే రాశారు, క.సా.గు. కట్టినవాళ్లు కొద్దిమందే. ఈ తేడా అంతా ఆటదేనని చెప్పను. మధ్యలో నా బోధన మారింది, పిల్లలు అదే విషయం మీద ఎక్కువ రోజులు గడిపారు, పోల్చి చూడటానికి నాకు ఇంకో తరగతి లేదు. మిగిలిన పదిమందిలో నలుగురికి భిన్నం కంటే ముందు గుణకారమే అడ్డుపడుతోంది. వాళ్లకు ఈ ఆట చాలదు, విడిగా కూర్చోబెట్టి వేరే పని చేయిస్తున్నాను.

అదే సంవత్సరం సైన్సు చెప్పే సహోద్యోగితో కలిసి, గెలవాలంటే పిల్లలు దేని గురించి ఆలోచించాలి అన్న ప్రశ్నను విద్యుత్ పాఠానికి పెట్టి చూశాం. అంతకుముందు పిల్లలకు వరుస సూచనల కాగితం ఇచ్చి బల్బు వెలిగించమనేవారు. అందరి బల్బులూ వెలిగేవి, కరెంటు ఏ దారిన వెళ్లిందో గీయమంటే గీయలేకపోయేవారు. సూచనలు తీసేసి ఒక సెల్లు, ఒక టార్చి బల్బు, ఒకే ఒక తీగ ఇచ్చాం. ముందు బొమ్మ గీసి వెలుగుతుందో లేదో పందెం కట్టాలి, తర్వాతే చేసి చూడాలి. బల్బు అడుగున ఉన్న బొడిపె ఒక కొస అనీ, పక్కనున్న లోహపు తొడుగు రెండో కొస అనీ తెలిస్తే తప్ప అది వెలగదు. చాలా గుంపులకు ఇరవై నిమిషాలు పట్టింది. చేతులకు పని దొరికినంత మాత్రాన తలకు పని దొరకదని ఆ రెండు పద్ధతులనూ పక్కపక్కన చూసినప్పుడు స్పష్టంగా అర్థమైంది.

సామాను విషయానికొస్తే కాగితం, సుద్ద, స్కేళ్లు, ఒక చార్టు. సిద్ధం చేయడానికి పట్టిన సమయంలో ముప్పావు వంతు కార్డుల ఎంపికకే పోయింది. మళ్లీ చేసినా అంతే సమయం పెడతాను.

పాఠం అయిపోయిందనుకున్న రోజు, మడత కార్డు కనిపెట్టిన అబ్బాయే కార్డులన్నీ బల్ల మీద పరచి, "టీచర్, కింద ఏడు ఉన్న కార్డు ఒక్కటీ లేదు. ఎందుకు?" అన్నాడు. నేను జవాబు చెప్పకుండా ఖాళీ కార్డు ఇచ్చాను. వాడు దాని మీద 1/7 రాసుకుని చార్టు దగ్గరికి వెళ్లి, పట్టీని ఏడో గీత దాకా వాల్చి గుర్తులు పెట్టి, మొదటి ముక్క కొలిచాడు. 3.4 సెం.మీ. కంటే రవ్వంత ఎక్కువ. గోడ పట్టీలో ఇలాంటి 24లు పదిహేను ఉన్నాయని పక్కనున్న అమ్మాయి చెప్పింది. పదిహేనుతో గుణించి 51 అన్నాడు. వెనక బెంచీలో ఇంకెవరో 360ని 7తో భాగించి, "51 వచ్చింది, ఇంకా 3 మిగిలింది, ఆ మూడు ఎక్కడికి పోయాయి?" అని అడిగారు. ఇద్దరూ గోడ దగ్గర టేపు పట్టుకుని 51కీ 52కీ మధ్య వంగి చూస్తుండగా బెల్లు కొట్టింది.